సుఖవేదన అంటే సుఖంగా ఉండే బాధా?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి రచన ఒకటి తెలుగు చేయాలని ఉంది, సంస్కృత మూలం దొరకని చోట టిబెటన్ అనువాదాన్ని నమ్మవచ్చా? అసలు టిబెటన్లు సంస్కృతం నుంచి ఎలా అనువదించారు? సంస్కృతం వచ్చిన తెలుగువాడు టిబెటన్ కూడా నేర్చుకోవాలా? మూడోదానికే ముందు జవాబు చెబుతాను, నేను దెబ్బ తిన్నది అక్కడే కాబట్టి. నేర్చుకోవాలి. సంస్కృతం తెలియని చోట సాయం కోసమే కాదు, తెలుసు అనుకున్న చోట మన చెయ్యి పట్టుకుని ఆపడానికి.

కొన్నేళ్ల కిందట పంచస్కంధాల గురించిన, అంటే మనిషిని బౌద్ధం విడదీసి చూసే ఐదు భాగాల గురించిన, ఒక చిన్న భాగాన్ని సంస్కృతం నుంచి తెలుగులోకి మార్చాను. మార్చాను అంటున్నాను గానీ చేసిందేమీ లేదు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం, అన్నీ తెలుగులో ఉన్న మాటలే కదా. చివర సున్నాలు తగిలించి, క్రియలు తెలుగులో పెట్టాను. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఇంత సులువా అనుకుని ప్రింటు తీసి అమ్మకిచ్చాను. అమ్మ పోతన పద్యాలు నోటికి చెప్పే మనిషి, బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. కళ్లజోడు సర్దుకుని రెండు పేరాలు చదివి, "సుఖవేదన అని రాశావేంట్రా? వేదన అంటే బాధే కదా. సుఖంగా ఉండే బాధా?" అంది.

"అది శాస్త్రంలో మాటమ్మా, అక్కడ అర్థం వేరు."

"మరి ఆ అర్థమే రాయొచ్చుగా" అని కాగితాలు బల్ల మీద పెట్టేసి పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేను రాసింది అమ్మ కళ్లతో చదువుకున్నాను. సంజ్ఞ అంటే మనకు సైగ. సంస్కారం అంటే పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడడం. విజ్ఞానం అంటే సైన్సు. మూలం చెబుతున్నది మనిషి లోపల జరిగే పనుల గురించి. నా తెలుగులోనేమో ఒక బాధపడేవాడు, ఒక సైగలు చేసేవాడు, ఒక మర్యాదస్తుడు, ఒక సైన్సు మాస్టారు వరసగా కూర్చున్నారు. ఇక యోగాచారులనే బౌద్ధ శాఖవాళ్లు చెప్పే ఆలయవిజ్ఞానం, అంటే అనుభవాల ముద్రలు దాచుకునే లోపలి చిత్తం, సంగతి చెప్పనక్కర్లేదు, గుళ్లు కట్టే శాస్త్రం అనుకుంటారు.

మనకున్న చిక్కు ఇదే. సంస్కృతం మాటలు మన ఇంట్లోకి ఎప్పుడో వచ్చేశాయి, వచ్చాక మన అలవాట్లు నేర్చుకున్నాయి. ఉపేక్ష బౌద్ధంలో గొప్ప గుణం, ఎటూ ఒరగని సమభావం. తెలుగులో 'ఉపేక్షిస్తే ముప్పు' అని పేపర్లో హెడ్డింగు. ప్రజ్ఞ అంటే మనకు ప్రతిభ. ధర్మం అయితే ముష్టివాడి నోటా వినిపిస్తుంది, కోర్టు వాదనలోనూ వినిపిస్తుంది. మాట తెలుసు గనక అర్థం తెలుసనుకుని దాటిపోతాం.

టిబెటన్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల భాషకూ సంస్కృతానికీ చుట్టరికం లేదు. చివర సున్నా పెట్టి సొంతం చేసుకునే వీల్లేదు. కొన్ని పేర్లూ మంత్రాలూ తప్ప, ప్రతి మాటనూ పగలగొట్టి లోపల ఏముందో చూసి, దాన్ని తమ మాటల్లో మళ్లీ కట్టుకున్నారు. వేదనను 'త్సోర్వా' అన్నారు, అంటే అనిపించడం. హాయిగా అనిపించినా, బాధగా అనిపించినా, రెండూ కాకపోయినా త్సోర్వానే. సంస్కారాన్ని 'దుజే' అన్నారు. దు అంటే కూడడం, జే అంటే చేయడం, కూడగట్టి చేసేది అని. సం అనే ఉపసర్గ, కృ అనే ధాతువు రెండూ అందులో కనిపిస్తూనే ఉంటాయి. ఉపేక్షను 'తంగ్‌ఞోమ్' అన్నారు, వదిలేసి సమంగా ఉండడం. ఇది చదివిన రోజున నాకు ఆ సంస్కృత పదం మొదటిసారి అర్థమైంది, పాతికేళ్లుగా తెలిసిన పదం.

జ్ఞా ధాతువు కుటుంబం చూడండి. జ్ఞానం 'యేషే', ప్రజ్ఞ 'షేరబ్', సంజ్ఞ 'దుషే', విజ్ఞానం 'నంషే'. నాలుగింటిలోనూ 'షే', అంటే తెలియడం, అలాగే నిలిచి ఉంది. మన తెలుగులో ఈ నలుగురు అన్నదమ్ములూ ఎప్పుడో వేరు కాపురాలు పెట్టుకున్నారు.

నేను టిబెటన్ నేర్చుకున్నది సారనాథ్‌లో, ఒక పెద్ద వయసు భిక్షువు దగ్గర. గెన్‌లా అని పిలిచేవాణ్ణి, మనం మాస్టారుగారూ అన్నట్టు. మా ఇద్దరికీ మధ్య హిందీ. ఆయన హిందీ టిబెటన్‌లా, నాది తెలుగులా ఉండేది. అయినా వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకో సుఖం దొరికింది. టిబెటన్‌లో కూడా క్రియ చివరే వస్తుంది, విభక్తి మాట వెనకే అతుక్కుంటుంది. సంస్కృత సమాసాన్ని వాళ్లు విప్పి పరిచిన వరస మన చెవికి ఇట్టే ఎక్కుతుంది. సంస్కృతం చకారాన్ని వాళ్లు త్స అని రాస్తారు, చంద్ర అన్నది త్సంద్ర అవుతుంది. ఉత్తరాది విద్యార్థులు దానికి నవ్వేవాళ్లు. చాపలో చ, చిలకలో చ వేరువేరుగా పలికే నాకు నవ్వు రాలేదు.

ఒకరోజు తథాగత అనే మాట వచ్చింది. తథా గత అని విడదీస్తే అలా వెళ్లినవాడు, తథా ఆగత అని విడదీస్తే అలా వచ్చినవాడు. వ్యాఖ్యాతలు రెండూ చెబుతారు. మరి టిబెటన్లు ఏది తీసుకున్నారు అని అడిగాను. 'దెషిన్ షెగ్పా' అని చెప్పి, షెగ్ అంటే గౌరవవాచకం, పెద్దవాళ్లు రావడానికీ అదే, వెళ్లడానికీ అదే, మీ భాషలో లేదా అని అడిగారు. కాసేపు బుర్ర పనిచేయలేదు. తర్వాత వెలిగింది, వేంచేయడం! స్వామివారు గుళ్లోకి వేంచేస్తారు, గుళ్లోంచీ వేంచేస్తారు. దయచేయండి కూడా అంతే, గుమ్మంలో నిలబడి అంటే రమ్మని, కోపంలో అంటే పొమ్మని. సంస్కృతంలో సంధి దాచిన రెండు అర్థాలను వాళ్లు ఒక మర్యాద మాటలో దాచారు. తెలుగులో అదే పని చేయగల మాట ఉండి కూడా మనం తథాగతుడు అని ఊరుకుంటున్నాం.

ఇక వాళ్లు ఎలా చేశారన్నది. లిపి 7వ శతాబ్దంలో సోంగ్‌త్సెన్ గంపో రాజు కాలంలో వచ్చిందని, థోన్మి సంభోట దాన్ని భారతీయ లిపుల నమూనాలో తయారుచేశాడని సంప్రదాయం. అసలు పని ఊపందుకున్నది 8వ శతాబ్దం రెండో సగంలో. త్రిసోంగ్ దెత్సెన్ రాజు భారతీయ ఆచార్యుడు శాంతరక్షితుణ్ణి పిలిపించి సమ్యే విహారం కట్టించాడు. అప్పట్లో అనువాదాలు సంస్కృతం నుంచీ, చైనా భాష నుంచీ, మధ్య ఆసియా వైపు నుంచీ ఎవరికి తోచినట్టు వాళ్లు చేశారు. ఒకే పదానికి నాలుగు రకాల మాటలు. చదివేవాడికి గందరగోళం.

9వ శతాబ్దం మొదట్లో త్రిదే సోంగ్‌త్సెన్ రాజు దీన్ని సరిచేయించాడు. జినమిత్రుడు, సురేంద్రబోధి, దానశీలుడు లాంటి భారతీయ పండితులనూ, యేషే దే లాంటి టిబెటన్ అనువాదకులనూ కూర్చోబెట్టి ఏ మాటకు ఏది వాడాలో తేల్చమన్నాడు. అలా తయారైనది మహావ్యుత్పత్తి, సుమారు 9,500 పదాల సంస్కృత-టిబెటన్ నిఘంటువు. దానితోపాటు ఇంకో చిన్న పుస్తకం ఉంది, నాకు నిఘంటువు కంటే అదే ఇష్టం. డ్రాజోర్ బంపో ఞీపా అంటారు. అందులో ముఖ్యమైన మాటలకు ఎందుకు ఆ అనువాదం ఎంచుకున్నారో కారణం రాసి పెట్టారు. ఆ తర్వాత ఎవరికైనా కొత్త మాట అవసరమైతే సొంతంగా పుట్టించకూడదు. కారణాలతో సహా రాజుగారి సభకు పంపి ఖాయం చేయించుకోవాలి.

ఆ కారణాలు చదువుతుంటే పక్క గదిలో వాళ్లు వాదించుకుంటున్నట్టే ఉంటుంది. అర్హత్ అనే మాటకు అర్హుడు, పూజకు తగినవాడు అని ఒక వ్యుత్పత్తి. అరి అంటే శత్రువు, హన్ అంటే చంపడం, కాబట్టి రాగద్వేషాల లాంటి క్లేశాలనే శత్రువులను చంపినవాడు అని ఇంకొకటి. రెండూ పేర్కొని రెండోది ఖాయం చేశారు, 'డ్రాచోంపా'. వ్యాకరణం ప్రకారం మొదటిదే సరైనదని నాకనిపిస్తుంది, కానీ వాళ్లు తెలియక చేసిన తప్పు కాదది. బుద్ధ అనే మాటకు మేల్కొన్నవాడు, తామరలా విప్పారినవాడు అని రెండు అర్థాలు తీసుకుని రెండూ కలిపేశారు, 'సంగ్యే'. భగవాన్ అనే మాట దేవుళ్లకు కూడా వాడతారు, బుద్ధుడికి తేడా తెలియాలి కదా అని, ఉన్న మాటకు చివర 'దే' చేర్చారు. దాటిపోయినవాడు అని దాని అర్థం. ఈ చిక్కు మనకూ ఉంది. భగవంతుడు ఇలా సెలవిచ్చాడు అని తెలుగులో రాస్తే చదివేవాడి కళ్ల ముందు కనిపించేది ఏడుకొండలవాడు.

కొన్నిటిని అనువదించవద్దని కూడా రాశారు. గౌతమ అనే పేరులో గౌ అనే దానికి గోవు, భూమి, వెలుగు, మాట, దిక్కు అని చాలా అర్థాలున్నాయి, ఒకటి ఎంచుకుంటే మిగతావి పోతాయి, అలాగే ఉంచండి అన్నారు. తమ దేశంలో లేని పువ్వుల పేర్లు వస్తే ముందు పువ్వు అని చేర్చి పేరు అలాగే రాయమన్నారు. అంకెల సంగతి మరీ బాగుంటుంది. సూత్రాల మొదట్లో అర్ధత్రయోదశ భిక్షుశతాలు అని వస్తుంది, పదమూడో వంద సగం మాత్రమే అని లెక్క. మక్కీకి మక్కీ రాస్తే టిబెటన్‌లో ఎవడికీ అర్థం కాదు, 1250 అని మన పద్ధతిలో రాసుకోండి అన్నారు. మాట మాటకూ అతుక్కుపోయే అనువాదకులు అని వీళ్లకు పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు ఈ పేజీ చూడలేదేమో. తెలుగులో అయితే పన్నెండున్నర వందలు అని హాయిగా అనొచ్చు.

మర్యాద మాటల గురించి కూడా వాళ్లు పట్టించుకున్నారు. సంస్కృతంలో బుద్ధుడు చెప్పినా శిష్యుడు చెప్పినా చాలాసార్లు క్రియ ఒకటే. టిబెటన్‌లో బుద్ధుడైతే సెలవిస్తాడు, శిష్యుడైతే విన్నవించుకుంటాడు. ఇది తెలుగుకు అచ్చంగా సరిపోతుంది. నేను ఇప్పుడు సంస్కృతం చూసి అనువదిస్తున్నా ఆ క్రియలు మాత్రం టిబెటన్ చూసే వేస్తాను.

నమ్మవచ్చా అన్న ప్రశ్నకు వద్దాం. ప్రతి గ్రంథం మొదట్లో 'భారత భాషలో' అని సంస్కృత పేరు, 'టిబెటన్ భాషలో' అని వాళ్ల పేరు ఉంటాయి. చివర ఏ పండితుడు, ఏ లోత్సావా కలిసి అనువదించారో ఉంటుంది. లోత్సావా అంటే అనువాదకుడు. చాలా చోట్ల ఇద్దరు పేర్లు. మూల భాష పుట్టుకతో ఎరిగినవాడొకడు, చేరాల్సిన భాష పుట్టుకతో ఎరిగినవాడొకడు, ఎదురెదురుగా కూర్చుని చేసిన పని. నా నమ్మకానికి మొదటి ఆధారం ఆ రెండు పేర్లే. నాగార్జునుడి ముఖ్య గ్రంథం మూలమధ్యమకకారికను మొదట జ్ఞానగర్భుడు, చోక్రో లూయి గ్యల్త్సెన్ కలిసి చేశారు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత పత్సబ్ ఞిమా డ్రక్ కశ్మీరుకు వెళ్లి, అక్కడి పండితుడు మహాసుమతితో కూర్చుని దాన్ని దిద్దాడు. తిరిగొచ్చాక లాసాలో కనకవర్మతో మళ్లీ ఒకసారి దిద్దాడు. ఎవరెవరు దిద్దారో పుస్తకం చివర రాసి ఉంటుంది. మనవాళ్ల ఎన్ని అనువాదాలకు ఇంత లెక్క ఉంది?

ఆ ప్రయాణాలు ఊరికే అవలేదు. పశ్చిమ టిబెట్ రాజు యేషే ఓ 10వ శతాబ్దంలో 21 మంది కుర్రాళ్లను కశ్మీరుకు చదువుకు పంపితే ఎండలకూ జ్వరాలకూ పోగా తిరిగొచ్చింది ఇద్దరే అంటారు. అందులో ఒకడు రించెన్ జంగ్‌పో.

కాబట్టి అర్థం విషయంలో నమ్మండి. కానీ టిబెటన్ నుంచి సంస్కృత పదాన్ని వెనక్కి లాగగలను అని మాత్రం అనుకోకండి. నేను ఆ గర్వంతో రెండు సార్లు పడ్డాను. 'తోగ్పా' అనే ఒక్క మాట వెనక కల్పన ఉండొచ్చు, వికల్పం ఉండొచ్చు, వితర్కం ఉండొచ్చు. నేను వికల్పం అని ధైర్యంగా రాసిన చోట సంస్కృత ప్రతిలో ఇంకేదో ఉంది. ఇంకో తప్పు పద్యాల్లో. అనుష్టుప్ శ్లోకాన్ని వాళ్లు పాదానికి ఏడక్షరాల చొప్పున నాలుగు పాదాలు చేస్తారు. అక్షరాలు చాలకపోతే 'ని', 'దగ్' లాంటివి నింపుతారు, మన కవులు తగన్, ఒగిన్ అని నింపినట్టే. దగ్ అనేది బహువచన ప్రత్యయం కూడా. నేను ఒక పద్యంలో ప్రతి దగ్‌కూ బహువచనం వేసి, ఒక్క కుండను కుండల వరస చేశాను. గెన్‌లా చాలాసేపు నవ్వారు.

మీకు అలవాటు కావాలంటే రత్నావళితో మొదలుపెట్టండి. అది నాగార్జునుడు రాజుకు చేసిన ఉపదేశం, టిబెటన్‌లో పూర్తిగా ఉంది, సంస్కృతంలో కొంత దొరికింది. దొరికిన భాగంలో సంస్కృతం మూసిపెట్టి టిబెటన్ నుంచే తెలుగు చేయండి, తర్వాత తెరిచి చూసుకోండి. ఎక్కడ తప్పుతున్నారో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత సుహృల్లేఖ పట్టుకోవచ్చు, 123 పద్యాల ఉత్తరం, ఒక శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం. నాగార్జునుడిదే ఇంకో గ్రంథం విగ్రహవ్యావర్తని మీద ఆశ ఉంటే సంస్కృతం ఉంది, 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని షాలు విహారంలో ఆ ప్రతి కనిపెట్టారు. మన దగ్గర పోయినవాటిని వాళ్లు అనువాదంగానే కాదు, కొన్నిసార్లు మూలంగానూ దాచారు.

నోట్సు పెట్టుకోండి. నావి మూడు గళ్లు, సంస్కృతం, టిబెటన్, తెలుగు. నాలుగో గడి తర్వాత కలిపాను, ఎందుకు అని. అది నింపకుండా ఏ మాటనూ ఖాయం చేయను.

మధ్యలో ఒక సొంత సంగతి. మా ఊరు అమరావతికి దగ్గర. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్రం అనే బౌద్ధ తంత్ర దీక్ష జరిపినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చలికాలంలో గుంటూరులో స్వెటర్లు అమ్మే టిబెటన్లు తప్ప అంతకుముందు వాళ్లెవరినీ చూడలేదు. స్తూపం చుట్టూ తిరుగుతున్న ఒక ముసలావిడ నేల చూపించి, హిందీలో, ఇది డ్రేపుంగ్ అంది. ఆవిడ ఊరి పేరేమో అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత గెన్‌లా విడదీసి చెప్పారు. డ్రే అంటే బియ్యం, పుంగ్ అంటే కుప్ప. ధాన్యకటకం, అమరావతి పాత పేరు! బుద్ధుడు కాలచక్రం చెప్పింది అక్కడేనని వాళ్ల నమ్మకం. లాసా దగ్గర 1416లో కట్టిన డ్రేపుంగ్ విహారానికి పెట్టుకున్నది మా ఊరి పక్క పేరే. కర్ణాటకలోని ముండగోడులో ఇప్పుడున్న డ్రేపుంగ్ దాని కొనసాగింపు. కటకం అంటే రాజధాని, దండు విడిది అని నిఘంటువులు చెబుతాయి, కుప్ప అని కాదు. కానీ కృష్ణ ఒడ్డున కుప్పనూర్పిళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు వాళ్ల అర్థమే నచ్చింది.

వేదనకు ఇప్పుడు నేను అనుభూతి అని రాస్తున్నాను. సుఖానుభూతి, దుఃఖానుభూతి. అమ్మ ఒప్పుకుంది. సంస్కారానికి ఇంకా దిక్కులేదు. అన్నిటికంటే గట్టి చిక్కు కారిక మొదటి శ్లోకాల్లోనే ఉంది, ప్రపంచోపశమం శివం అని. తెలుగువాడికి ప్రపంచం అంటే లోకం, శివం అంటే శివుడు. లోకం అంతమై శివుడు మిగిలాడు అని చదువుకుంటాడు. టిబెటన్‌లో ప్రపంచం 'ట్రోపా', మనసు లేనిపోనివి అల్లుకుంటూ పరుచుకుపోవడం. శివం 'షి', శాంతం. ఉపశమానికీ అదే షి వాడారు. నా కాగితం మీద ప్రస్తుతం పెన్సిల్‌తో మూడు మాటలున్నాయి, అల్లిక, విస్తరణ, కల్పనాజాలం. మూడూ సగం సగమే. అల్లికలో సాలెగూడు వస్తుంది గానీ పరుచుకోవడం రాదు, విస్తరణ రోడ్ల పనిలా ఉంది, మూడోది మళ్లీ సంస్కృతమే. మీకు ఏదైనా తడితే రాయండి, నాలుగో గడిలో మీ కారణంతో సహా వేసుకుంటాను.